మూడు దెబ్బలు, ఒక జపం

వాల్‌ఫ్రెద్ మఠం గుడికి నలభై ఏళ్ళుగా తాళం తీసేదీ వేసేదీ సిదోనీయే. వయసు అరవై ఏడు. పొట్టి మనిషి, గట్టి గొంతు, ఎడమ తుంటిలో ఎప్పుడూ ఉండే నొప్పి. తప్పు కనిపిస్తే అది బిషప్‌గారిదైనా సరే, నోరు మూసుకోవడం చేతకాదు. గుడి వాకిలి పైన రాతిలో అంతిమ తీర్పు చెక్కి ఉంది. ఒక పక్క పుణ్యాత్ములు బారులు తీరి నిలబడితే, ఇంకో పక్క పాపుల్ని దయ్యాలు తలకిందులుగా వేలాడదీసి ఉంటాయి. బస్సుల్లో దిగేవాళ్ళు మెడలు నొప్పిపుట్టేదాకా దాన్ని చూసి, ఫొటోలు తీసుకుని, లోపలికి అడుగైనా పెట్టకుండా వెళ్ళిపోతే ఆమెకు ఒళ్ళు మండేది. నరకం చూడ్డానికి ఇంత దూరం వస్తారు గానీ దేవుణ్ణి చూడ్డానికి తీరిక ఉండదని వాళ్ళకు వినపడేలాగే అనేది.

నడిచి వచ్చేవాళ్ళంటే మాత్రం ఆమెకు ఎక్కడలేని ప్రేమ. పునీత యాకోబు సమాధికని స్పెయిన్ దాకా కాళ్ళీడ్చుకుంటూ పోయే ఆ యాత్రికులు పైన మెట్ట దాటి, చెస్ట్‌నట్ తోపులోంచి దిగి గుడికి వచ్చేసరికి సగం చచ్చి ఉంటారు. సిదోనీ వాళ్ళ యాత్ర పుస్తకం మీద, ఈ ఊరు దాటారన్న ముద్ర వేసేముందు పేరు అడగదు, కాళ్ళు ఎలా ఉన్నాయని అడుగుతుంది. బొబ్బలు చూపించమంటుంది. సిగ్గుపడితే తిడుతుంది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. గుడి వదిలి రానన్నందుకు ఇద్దరు వెనక్కి పోయారని తనే చెప్పుకునేది. ముగ్గురని యాత్రికుల సత్రం నడిపే బ్లాండీన్ సరిచేసేది.

గుడి తాళం కంటే ముందు ఆమె చేతికి వచ్చింది గంట తాడు. అది తండ్రి బర్నబే చేతిలోంచి వచ్చింది, ఆయనకు ఆయన తండ్రి చేతిలోంచి. మఠంలో సన్యాసులు ఉన్న రోజుల నుంచీ వాల్‌ఫ్రెద్‌లో ఒక ఆచారం ఉంది. పొగమంచు దిగితే పెద్ద గంట మోగించాలి. మెట్ట మీద చెట్టూ చేమా ఉండవు, పది కిలోమీటర్ల పొడుగునా గడ్డీ రాళ్ళే. పొగమంచులో అక్కడ మనిషికి తన చెయ్యి తనకు కనపడదు. కళ్ళు పనికిరానప్పుడు చెవులైనా దారి చూపించాలి కదా, అందుకని ఆ గంట. ఊళ్ళోవాళ్ళు దాన్ని దారి తప్పినవాళ్ళ గంట అంటారు.

ఎలా పడితే అలా మోగించే గంట కాదది. మూడు దెబ్బలు కొట్టాలి. తాడు బిగపట్టి, పరలోక జపం మొదటినుంచి చివరిదాకా నిదానంగా ఒకసారి చెప్పుకోవాలి. మళ్ళీ మూడు దెబ్బలు. సిదోనీకి ఏడేళ్ళప్పుడు తండ్రి ఆమెను గంట గదిలో నిలబెట్టి ఎందుకో చూపించాడు. గుడి ఉన్నది లోయ అంచుకు కాస్త కింద. లోయకు అవతల నిలువుగా ఎర్రకొండ. గంట ఇక్కడ మోగగానే ఎర్రకొండ ఆ మోతను తిప్పి కొడుతుంది. మెట్ట మీద ఉన్నవాడికి ఒక్కోసారి ఆ తిరిగొచ్చిన మోతే పెద్దగా, దగ్గరగా వినిపిస్తుంది. దాని వెంట నడిచాడా, మెట్ట ఎక్కడ తెగుతుందో అక్కడికే వెళ్తాడు. అక్కడ దారి లేదు, రెండు వందల అడుగుల లోతు ఉంది. మధ్యలో ఆగితే మొదట వచ్చిన మోత ఏదో, దాని వెనక వచ్చింది ఏదో చెవి తేల్చుకుంటుంది. పైన ఎవరైనా కేక పెడితే అది కింద వినపడేదీ ఆ సందులోనే.

ఈ సంగతి తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. మిగిలినవాళ్ళు ఆ విరామం జపం కోసమని కొందరు, చేతులు నొప్పి పుట్టి అని కొందరు అనుకునేవాళ్ళు. సిదోనీని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. చెప్పకపోవడానికి ఆమెకో కారణం ఉంది. గంట గోపురం తలుపు పక్కన గోడకు ఊరివాళ్ళు ఒక రాతిపలక పెట్టించారు. తన కొడుకు మెట్ట మీద దారి తప్పిన నాడు ఆరు గంటల పాటు ఒక్క క్షణమైనా ఆపకుండా గంట మోగించిన బర్నబేకు వాల్‌ఫ్రెద్ ప్రజలు, అని దాని మీద ఉంది.

ఆ వసంతంలో ఊరి మేయరు లియోనెల్ గంటకు మోటారు పెట్టించాడు. లియోనెల్ సిదోనీకి వరసకు అక్క కొడుకు. మంచివాడే. ఆమెకు తుంటి నొప్పి ఎక్కువైందని, ఎనభై నాలుగు మెట్లు ఇక ఎక్కించకూడదని పెట్టించాడు. గుడి పక్కగదిలో ఎర్ర బొత్తాం ఒకటి, నొక్కితే చాలు, ఆపేదాకా మోగుతూనే ఉంటుంది. బర్నబే తాతయ్యలాగా ఇదీ ఆగదని ఊరి సభలో గర్వంగా చెప్పాడు. సిదోనీ లేచి, మోటారు దెబ్బకు గంట పగులుతుందంది, కరెంటు బిల్లు వస్తుందంది, నోటికొచ్చిందల్లా అంది. అసలు మాట ఒక్కటి మాత్రం గొంతు దాటలేదు. పిన్నికి తాడు మీద మనసు చావలేదని లియోనెల్ నవ్వాడు, సభంతా నవ్వింది. తాడు తీసేశారు. వేసవి అంతా పొగమంచు లేదు కాబట్టి ఆమె కూడా మరిచిపోయినట్టే నటించింది.

అక్టోబరు చివరి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి పొగమంచు దిగింది. మామూలుగా దిగడం కాదు, పాలు పొంగినట్టు మెట్ట అంచు మీంచి ఊళ్ళోకి పొర్లింది. అరగంటలో గుడి వాకిలి మీద దయ్యాలు కనపడలేదు, వాకిలీ కనపడలేదు. రెండింటికి బ్లాండీన్ శాలువా కప్పుకుని గుడిలోకి పరుగెత్తుకొచ్చింది. బెల్జియం నుంచి సోలాంజ్ అనే ఆవిడ ఒక్కతే నడిచి వస్తోందట. పొద్దున ఎనిమిదింటికి మెట్టకు అవతల సత్రంలో బయలుదేరిందని ఫోను వచ్చింది. ఒంటిగంటకల్లా దిగాల్సిన మనిషి. ఒక మోకాలు బాగాలేదు. ఫోను చేస్తే మోగడం లేదు. మెట్ట మీద ఏ ఫోనూ మోగదు.

లియోనెల్ అప్పటికే పట్నానికి కబురు చేశాడు. రక్షణ దళం రావడానికి మూడు గంటలు పడుతుందన్నారు, ఈ పొగమంచులో హెలికాప్టరు లేవదన్నారు. వాళ్ళు వచ్చేలోపు చేయగలిగింది ఒక్కటే. అతను పక్కగదిలోకి వెళ్ళి ఎర్ర బొత్తాం నొక్కాడు.

గంట మోగడం మొదలుపెట్టింది. ఒక దెబ్బ మీద ఒకటి, ఊపిరి తీయకుండా. గుడి రాతి కమానుల కింద చేరిన పదిమందికీ ఆ మోత వినగానే ప్రాణం కుదుటపడింది. ఇక భయం లేదు, వింటుంది, వచ్చేస్తుంది అన్నారు. బ్లాండీన్ సూప్ వేడి చేస్తానని వెళ్ళింది. సిదోనీ ఒక్కతే స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది.

ఆమె వాకిలి బయటకు వచ్చి చెవి ఒగ్గింది. గుడి మీది మోత, ఎర్రకొండ మీది మోత కలిసి ఒకటే హోరు. నలభై ఏళ్ళు ఆ గంటతో బతికిన తనకే ఏది ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు. పైన, బాగాలేని మోకాలితో, ఈ కొండను ఎప్పుడూ చూడని పరాయి మనిషికి ఏం తెలుస్తుంది? ఎటు గట్టిగా వినిపిస్తే అటు నడుస్తుంది. గంట ఎంతసేపు మోగితే అంతసేపు నడుస్తుంది.

యాభై ఎనిమిదేళ్ళ కిందట కూడా ఇంతే. ఆమెకు తొమ్మిదేళ్ళు. అన్న ఎలోయ్‌కి పందొమ్మిది, గొర్రెల్ని దింపుకొస్తానని మెట్ట మీదికి వెళ్ళాడు. పొగమంచు దిగింది. తల్లి ఇచ్చిన సూప్ గిన్నె పట్టుకుని సిదోనీ గోపురం ఎక్కింది. తండ్రి చొక్కా విప్పేసి, చెమటతో తడిసి, కొడుతున్నాడు. ఎప్పుడూ మూడు దెబ్బల తరవాత పెదవులు కదిలేవి, తాడు బిగిసేది. ఆ రోజు పెదవులు కదల్లేదు. నాన్నా, జపం చెప్పలేదు అంది. పొమ్మని అరిచాడు. మళ్ళీ అంది. గిన్నె తన్నేశాడు. ఆమె మెట్ల మీద కూర్చుని, పైనుంచి ఆగని గంట వింటూ, కారిన సూప్‌ను గౌనుతో తుడిచింది. మర్నాడు ఎలోయ్ ఎర్రకొండకు ఎదురుగా, అంచు కింద దొరికాడు.

తండ్రి ఆ తరవాత పదిహేనేళ్ళు గంట మోగించాడు. మూడు దెబ్బలకు ఒక జపం కాదు, రెండు చెప్పేవాడు. ఆ రోజు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఊరు పలక పెట్టించిన నాడు ఆయన టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు, అంతే. సిదోనీ ఆయన్ని అంతగా ప్రేమించింది కాబట్టే నోరు విప్పలేదు. పైగా తనకు తాను ఒకటి చెప్పుకుని దాంతోనే ఇన్నేళ్ళూ బతికింది: నాన్న ఆగినా ఎలోయ్ పడేవాడే, పొగమంచులో మనిషిని ఏ గంటా కాపాడలేదు, ఎవరి తప్పూ లేదు. ఇప్పుడు నోరు విప్పితే గోడ మీది నాన్న పేరు ఏమవుతుంది? గడియారం చూసింది. ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాల్లో కుంటి మనిషి ఎంత దూరం నడుస్తుందో లెక్క వేసుకుంది.

పక్కగదిలోకి వెళ్ళి బొత్తాం నొక్కింది. గంట ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దానికి గుడిలో అందరూ లేచి నిలబడ్డారు. ముందు కరెంటు పోయిందనుకున్నారు. తరవాత సిదోనీ ఆ గది గుమ్మానికి అడ్డంగా, రెండు చేతులూ చాచి నిలబడి ఉండటం చూశారు. ఎవరో ముసలిదానికి మతి పోయిందన్నారు. ఒక మనిషి చావుబతుకుల్లో ఉంటే ఇప్పుడు కూడా తాడు గొడవేనా అని ఇంకొకరు. లియోనెల్ మొహం ఎర్రబడింది, కానీ గొంతు పెంచలేదు.

"పిన్నీ, పక్కకు జరుగు. నాకు నిన్ను నెట్టాలని లేదు."

"నెట్టాల్సొస్తే నెట్టు. ముందు నే చెప్పేది విను."

"తరవాత వింటాను. ఆవిడ పైన చస్తోంది."

"ఆ గంటే చంపుతోందిరా ఆవిణ్ణి. మా అన్నని కూడా ఆ గంటే చంపింది. మా నాన్న ఆపకుండా మోగించాడు, నిజమే, నేను అక్కడే ఉన్నాను. ఆపాలి. మూడు కొట్టి ఆపాలి. ఆయనకి తెలుసు, ఆయనే నాకు నేర్పాడు. కొడుకు పైనున్నాడని భయపడి మరిచిపోయాడు. మీరు రాయి మీద రాసి పెట్టుకున్నది ఆయన గొప్పతనం కాదు. ఆయన చేసిన తప్పు."

సిదోనీ ఎర్రకొండ సంగతి, రెండు మోతల సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. చెబుతుంటే కళ్ళలో నీళ్ళు రాలేదు. లియోనెల్ వెనక గోడ మీద పలక ఉంది, అతను దానివైపు తిరగలేదు.

"నువ్వు పొరపాటు పడితే?" అన్నాడు చివరికి. "ఆపినందుకే ఆవిడకేమైనా అయితే?"

"అయితే నా పేరు చెప్పు. పోలీసులకీ చెప్పు, ఆవిడ పిల్లలకీ చెప్పు."

లియోనెల్ ఇద్దరు మనుషుల్ని, కుక్కని, తాళ్ళని తీసుకుని చెస్ట్‌నట్ తోపు దారిన మెట్ట మీదికి బయలుదేరాడు. పోతూ పోతూ బొత్తాంవైపు ఒక్కసారి చూశాడు గానీ ముట్టుకోలేదు. సిదోనీ గోపురం తలుపు తీసి మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది.

ఎనభై నాలుగు మెట్లు, ఒక మనిషి పట్టేంత సందు, నడిమధ్య అరిగి గుంటలు పడ్డ రాయి. ముప్పై దగ్గర తుంటి పట్టేసింది. అక్కడి నుంచి చేతులూ మోకాళ్ళూ ఆనించి ఎక్కింది. పైన గంట నాలుకకు కట్టిన తోలుపట్టీ ఒక్కటే మిగిలి ఉంది, తాడు కోసినవాళ్ళు దాన్ని వదిలేశారు. రెండు చేతులతో పట్టుకుని లాగింది. ఒకటి. రెండు. మూడు. నాలుకను ఒంటికి అదుముకుని ఆపింది. మొదట గుడి మోత పోయింది, దాని వెనకే ఎర్రకొండ మోత వచ్చి పోయింది. పరలోకమందున్న మా తండ్రీ, అని మొదలుపెట్టింది.

జపం ఎప్పుడూ ఇంత పొడుగ్గా లేదనిపించింది. ఒక్కో మాట దగ్గరా చెయ్యి తనంతట తనే పట్టీని లాగబోయేది. ఇంకోటి కొట్టు, ఇంకోటి కొట్టు, వినపడలేదేమో అని గుండె పోరుపెట్టేది. అప్పుడు ఆమెకు తండ్రి అర్థమయ్యాడు. పైన ఒక ప్రాణం ఉందని తెలిసీ చేతులు ముడుచుకుని మాటలు వల్లించడం ఎంత కష్టమో అర్థమైంది. పైన ఉన్నది తన కొడుకే అయితే తనూ ఆగేది కాదేమో. కళ్ళు మూసుకుని ఆమెన్ దాకా చెప్పి, మళ్ళీ మూడు కొట్టింది.

అలా ముప్పావు గంట. అరిచేతులు చీరుకుపోయాయి. ఆగిన ప్రతిసారీ రాతి కిటికీలోంచి చెవి పెట్టి వింది. నీటిచుక్కలు రాలుతున్న చప్పుడు, కింద ఎవరిదో దగ్గు. కిందినుంచి ఒకసారి ఎవరో కేకేశారు, ఇంకా ఏమీ లేదు, మోటారు వేసేయమంటావా అని. ఆమె జవాబు చెప్పలేదు. చెబితే జపం మధ్యలో ఆగిపోతుంది.

మూడున్నర దాటాక, నేటి ఆహారము మాకు నేడు ఒసగుము అనే దగ్గర, ఏదో వినిపించింది. పక్షి అనుకుంది. పొగమంచులో పక్షి కూయదు. జపం ముగించి మూడు కొట్టి మళ్ళీ ఆగింది. ఈసారి స్పష్టంగా, సన్నగా, ఈల. ఎర్రకొండకు ఎదురుగా ఉన్న అంచు వైపు నుంచే. సిదోనీ కిటికీలోకి సగం ఒరిగి, అంచు దగ్గరరా, అంచు దగ్గర, అని లియోనెల్‌కు వినపడేలా అరిచింది. పొగమంచులోంచి కుక్క మొరిగింది. ఆమె మళ్ళీ పట్టీ అందుకుంది, మనిషి చేతికి చిక్కేదాకా గంట ఆపకూడదు.

నాలుగుంబావుకు కింద తలుపు చప్పుడైంది. దింపుకొచ్చామని లియోనెల్ గొంతు. సిదోనీ ఆ మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు.

బ్లాండీన్ వంటింట్లో పొయ్యి దగ్గర సోలాంజ్ రెండు దుప్పట్లలో చుట్టుకుని కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి, పెద్ద ఎముకలు, నీలం పట్టిన పెదవులు. మెడలో ఎర్ర ఈల వేలాడుతోంది. బ్లాండీన్ ఆమె చేతిలో సూప్ గిన్నె పెట్టి, తాగమని పసిపిల్లకు చెప్పినట్టు చెబుతోంది. లియోనెల్ గోడకు ఆనుకుని ఉన్నాడు, మొహంలో రక్తం లేదు. సిదోనీ లోపలికి రాగానే అతను దగ్గరికి వచ్చి ఆమె చీరుకుపోయిన చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. అంచుకు నాలుగు అడుగుల్లో కూర్చుని ఉందని మెల్లగా చెప్పాడు. నాలుగంటే నాలుగే, తాడు కట్టుకుని వెళ్ళి తీసుకొచ్చారు. గదిలో అందరూ సిదోనీవైపు చూస్తున్నారు. మతి పోయిందన్న మనిషి వచ్చి ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టాడు.

సిదోనీ ఇవేవీ పట్టించుకోలేదు. సోలాంజ్ ఎదురుగా బల్ల దగ్గర కూర్చుని, అలవాటు చొప్పున కాళ్ళు ఎలా ఉన్నాయని అడిగింది. ఆ తరవాత, పైన ఏం జరిగిందో చెప్పమంది.

సోలాంజ్ చెప్పింది. రెండు గంటలప్పుడు గంట వినిపించిందట. దేవుడా అనుకుని దానివైపే నడిచిందట. నడిచేకొద్దీ పెద్దగా, ఇక అదిగో గుడి అన్నంత దగ్గరగా. "నేను పరుగులాంటి నడక నడుస్తున్నానండీ, మోకాలు కూడా మరిచిపోయాను. ఇంతలో ఆగిపోయింది. ఎటు పోవాలో తెలీలేదు. కోపమొచ్చింది, తిట్టుకున్నాను కూడా, మన్నించండి. ఇంకేం చేస్తాం? గంట ఆగింది కదా అని నేనూ ఆగిపోయాను. అక్కడే కూలబడ్డాను. మళ్ళీ మొదలయ్యాక చాలాసేపు వింటుంటే, గుడి నా వెనక ఉందని తెలిసింది. లేవడానికి కాళ్ళు రాలేదు, ఈల ఊదాను."

గంట ఆగింది కదా అని నేనూ ఆగిపోయాను. సిదోనీ ఆ మాటను లోపల ఒకసారి తిప్పుకుంది. యాభై ఎనిమిదేళ్ళుగా తాను పట్టుకుని వేలాడిన ఒక్క మాట, నాన్న ఆగినా అన్న పడేవాడే అన్న మాట, ఈ తడిసిన మనిషి సూప్ తాగుతూ తీసి పారేసింది. ఒక ప్రాణం నిలబడినందుకు ఆమెకు సంతోషంగానే ఉంది. ఆ సంతోషం కిందినుంచి పొడుచుకు వచ్చిన నొప్పికి ఆమె సిద్ధంగా లేదు.

"అయితే మా అన్నయ్య కూడా ఆగేవాడు," అంది.

లియోనెల్ తల దించుకున్నాడు. బ్లాండీన్ గరిటె పట్టుకుని పొయ్యివైపు తిరిగింది. గదిలో విషయం తెలియని మనిషి సోలాంజ్ ఒక్కతే. ఆమె గిన్నె బల్ల మీద పెట్టేసి, దుప్పటి జారిపోతున్నా చూసుకోకుండా లేచి నిలబడింది.

"మీ అన్నయ్యగారు ఇంకా పైనే ఉన్నారా? మరి గంట ఎందుకు ఆపేశారండీ?"

సిదోనీ బల్ల మీద తల వాల్చి, అందరి ముందూ, బిగ్గరగా ఏడ్చింది.